రేవత్త బోర్డులో లేని చెయ్యి

రేవత్త సాధించిన పనులు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. అయినా చెప్పాలి. చెప్పకపోతే ఇప్పటివాళ్లు ఆ నది పుట్టినప్పటినుంచీ అంత ప్రశాంతంగానే ఉందనుకుంటారు. నది దానంతట అది ప్రశాంతంగా ఉండదు. ఎవరో ఒకరు పూనుకుని ఉంచాలి. ఇక్కడ పూనుకున్నది రేవత్త.

ఆవిడ పడవ దాటించేవాళ్ల కూతురు. చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, ఆగినంతవరకు గట్టిగా చదివింది. ఎక్కాలు ఇప్పటికీ కింది నుంచి పైకి కూడా అప్పజెప్పగలదు. ఖాకీ కోటు, మెడలో తోలుతాడుకు వేలాడే ఈల, కాలికి రబ్బరు చెప్పులు. గట్టు మీద ఆవిడ నడిచి వస్తోందంటే కొంగలు కూడా కాస్త సర్దుకుని నిలబడేవి. నది సంఘం వాళ్లు ఆవిడకు ఇచ్చిన పేరు 'రేవు పర్యవేక్షకురాలు'. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక ఊరంతా రేవత్త అంది. సంఘం అధ్యక్షుడు వయసులో ఆవిడకన్నా పెద్ద. ఆయన కూడా రేవత్త అనే పిలిచేవాడు.

ఆ పదవి పుట్టడానికి కారణం షికారు పడవలు. యాట్‌లంటారట వాటిని. మొదట ఒకటే వచ్చింది, పాలలాంటి తెల్లటిది. రేవుకు ఎదురుగా లంగరు వేసుకుని నిలిస్తే ఊరు ఊరంతా కొత్త పెళ్లికూతుర్ని చూడబోయినట్టు వెళ్లి చూసి వచ్చింది. ఆ పడవాయన ఊరుకోకుండా, ఇంత ప్రశాంతమైన చోటు ఇంకెక్కడా లేదని తన స్నేహితులకు చెప్పాడు. వాళ్లు వాళ్ల స్నేహితులకు చెప్పారు. ప్రశాంతత కోసం వచ్చినవాళ్లందరూ తలా ఒక పాటల పెట్టె వెంట తెచ్చుకున్నారు. నా ప్రశాంతతకు నువ్వు అడ్డమంటే నువ్వు అడ్డమని పడవ మీది నుంచి పడవ మీదికి తిట్టుకునేవారు. కొన్నాళ్లకు నీళ్లు కనపడడం మానేశాయి. అవతలి ఒడ్డుకు వెళ్లాలంటే పడవల మీదుగా, ఎవరో ఒకరి భోజనం బల్ల పక్కనుంచి, 'కూర్చోండి కూర్చోండి, లేవకండి' అంటూ నడిచిపోవచ్చు. అంతవరకూ జనం సర్దుకున్నారు. ఒకరోజు ఎవరి లంగరో నది అడుగున వెళ్లే మంచినీళ్ల గొట్టానికి తగులుకుంది. ఆయన లంగరు బరువెక్కిందనుకుని మరతో పైకి లాగించాడు. గొట్టంతో సహా లేచింది. ఊళ్లో కుళాయిలు చాలా రోజులు గాలి మాత్రమే పోశాయి.

అప్పుడు సంఘం కూర్చుంది. బోర్డు పెట్టాలని తేల్చింది. బోర్డు మీద ఏం రాయాలన్నది మాత్రం తేల్చలేక, పడవ సంగతులు తెలిసిన మనిషి కదా అని రేవత్తను పిలిపించింది. 'ఈ నదిలో లంగరు వేయరాదు' అని ఆవిడ చెప్పింది, అక్షరాల పెయింటర్ రాశాడు. అంతటితో అయిపోయిందనుకున్నారు. షికారువాళ్లు లంగర్లు ఎత్తేసి పడవల్ని చెట్లకు కట్టారు. 'చెట్టుకు కట్టరాదు' అని రాయించింది. గుంజలకు కట్టారు. గుంజా చేరింది. తర్వాత వంతెన, బండరాయి, ఇనుప కడియం, మరో పడవ ఒక్కొక్కటే చేరాయి. ఒక తెలివైనవాడు గట్టు మీద మేస్తున్న గాడిదకు కట్టి పడుకున్నాడు. సాయంత్రం గాడిద ఇంటికి పోయింది. దానివెంట పడవ నది మలుపు దాకా పోయి అక్కడ ఇసుకలో కూలబడింది. మర్నాడు 'గాడిదకు గానీ మరే పశువుకు గానీ కట్టరాదు' అన్న వాక్యం వెలిసింది. బోర్డు అలా కిందికి పెరుగుతూ పోయింది. మొదటి వాక్యం నిచ్చెన ఎక్కి రాసిన పెయింటర్ చివరి వాక్యాలు చాప వేసుకుని కూర్చుని రాశాడు.

రాయించడమే కాదు, అమలు చేసింది. మూడంతస్తుల పడవ ఆసామి ఒకాయన ఉండేవాడు. తనది లంగరు కాదు, చెయ్యిజారి నీళ్లలో పడిన అలంకార వస్తువని వాదించాడు. 'అయ్యో, పోతుందేమో, ముందు పైకి తీయండి' అని, తీసేదాకా ఈల ఊదుతూ నిలబడింది. కొత్త జంట ఒకటి ప్రేమలో మునిగి ఎక్కడ ఆగామో చూసుకోలేదంది. మునిగినవాళ్లకు లంగరెందుకని అడిగితే లంగరు ఎత్తుకుని వెళ్లిపోయారు. నిద్రపోతున్నవాళ్లను, పోతున్నట్టు నటిస్తున్నవాళ్లను, ఈలకు చెవుడు తెచ్చుకున్నవాళ్లను ఒక్కరినీ వదల్లేదు. చివరికి నది ఖాళీ అయింది. పొద్దున్నే చేప ఎగిరిపడితే ఆ చప్పుడు ఊళ్లోకి వినపడేది. సంఘం ఆవిడకు ప్రశంసాపత్రం ఇచ్చింది. దాన్ని పటం కట్టించి ఇంటి ముందుగదిలో, గొడుగుల మధ్య తగిలించుకుంది.

గొడుగులెందుకంటే, ఆవిడ భర్త గొడుగులు బాగుచేసేవాడు. ఊరికి గొడుగుల మామయ్య. ముందుగది ఆయన పనిచోటు. పైకప్పు నిండా విరిగిన గొడుగులు గబ్బిలాల్లా వేలాడేవి, కాలు పెడితే ఊచలు గుచ్చుకునేవి. అందరూ ఆయన్ను నోట్లో నాలుక లేని మనిషి అనేవారు. ఉంది గానీ, ఇంట్లో ఈల ఉన్నప్పుడు నాలుక అనవసరమని ఆయన అభిప్రాయం.

ఇన్ని సాధించిన మనిషికి ఒక్క విషయంలో ఓటమి ఉంది. అది తమ్ముడు. వాళ్ల నాన్న పడవ దాటించే రోజుల్లో అక్కాతమ్ముళ్ల పని పడవ తాడు, అదే మోకు, పట్టుకోవడం. జనం ఎక్కి దిగేటప్పుడు ఆ నెమ్మది ప్రవాహంలో పడవను దేనికీ కట్టేవారు కాదు. కట్టి విప్పే లోపల అవతల ఎదురుచూసేవాళ్లు విసుక్కుంటారు. ఒడ్డున ఇద్దరిలో ఒకరు మోకు చేత్తో పట్టుకుని నిలబడేవారు, అంతే. వంతెన వచ్చాక పడవ పని ముగిసింది. ఆఖరి దాటింపు ఈ ఒడ్డున ముగియాలని అక్క, ఆ ఒడ్డున ముగియాలని తమ్ముడు పట్టుబట్టారు. తమ్ముడు తెడ్డు అందుకుని ఆ ఒడ్డుకే తీసుకుపోయి, దిగి, అటునుంచి అటే ఓడల రేవులో వడ్రంగి పనికి వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇంత చిన్నదానికా అని ఎవరైనా అంటే, చిన్నదయితే వాడే ఈ ఒడ్డుకు తేవచ్చుగా అనేది.

ఒక పొద్దున గట్టు మీదికి వచ్చేసరికి రేవుకు ఎదురుగా ఒక తెరచాప పడవ నిలిచి ఉంది. రంగు ఊడిపోయి, అతుకుల మీద అతుకులతో ఉంది. చూడకముందే ఈల ఊదింది. అలవాటు. ఊదాక చూసింది. పడవ మీద తమ్ముడు టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. ఆవిడ ఈల నోట్లోంచి తీయలేదు. తీస్తే మాట్లాడాల్సి వస్తుంది.

"లంగరు వెయ్యలేదక్కా," అన్నాడు వాడు అడక్కుండానే. "బోర్డు మొత్తం చదివాకే ఆగాను."

"దేనికి కట్టావు?" ఈల తీయక తప్పలేదు.

"దేనికీ కట్టలేదు."

పడవ ముక్కు నుంచి మోకు నీళ్ల మీదుగా గట్టు మీదికి వచ్చింది. దాని చివరను పట్టుకుని గొడుగుల మామయ్య నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో మోకు, రెండో చేతిలో ఎవరిదో సగం బాగుచేసిన గొడుగు. ఆవిడ ఆయన దగ్గరికి వెళ్లి ఏమిటిదని అడిగింది. బావమరిది కాస్త పట్టుకోమన్నాడు, పట్టుకున్నానన్నాడు.

రేవత్త తిరిగి వెళ్లి తన బోర్డు ముందు నిలబడింది. తను పలికి రాయించిన ప్రతి వాక్యాన్నీ పై నుంచి కింది దాకా, చివర్లో మోకాళ్ల మీద వంగి మరీ చదివింది. చెట్టుంది, గుంజ ఉంది, గాడిద ఉంది. చెయ్యి లేదు. దాన్ని ఎవరు మాత్రం రాస్తారు? పడవవాళ్ల ఇంట్లో పుట్టినవాళ్లకు మోకు కట్టడం వేరు, పట్టుకోవడం వేరు. కట్టడం పడవను ఆపడం, పట్టుకోవడం మనిషి చేసే పని. అన్నం తినరాదని బోర్డు మీద రాయనట్టే అదీ రాయలేదు.

కానీ నియమం నియమమే. లేని మాటను తమ్ముడి మీద కోపంతో చదవడం ఆవిడ వల్ల కాదు. అలాగని వదిలెయ్యడమూ కాదు. గట్టు మీద నిలబడి అందరికీ వినపడేలా తీర్పు చెప్పింది. నిలబడి పట్టుకున్నంతసేపు మనిషి. కూర్చుంటే బరువు. బరువంటే లంగరు. చెట్టుకు ఆనుకుంటే, మనిషి ద్వారా చెట్టుకు కట్టినట్టే. నిద్రపోతే గుంజ.

ఆ రోజు నుంచి ఊళ్లో ఒక కొత్త పని పుట్టింది. గొడుగుల మామయ్యకు చెయ్యి లాగితే వీధి చివర ఇస్త్రీ ఆవిడ వచ్చి పట్టుకునేది. ఆవిడ బొగ్గులు ఆరిపోతాయని వెళ్తే బడి నుంచి రిటైరైన డ్రిల్లు మాస్టారు వచ్చేవాడు. నిటారుగా నిలబడడంలో ఆయన్ను మించినవాడు లేడు. అందరూ ఆ ఇంటికి వరసైనవాళ్లే, అందరికీ ఆ తమ్ముడు చిన్నప్పుడు ఏదో ఒకటి చెక్కి ఇచ్చినవాడే. రేవత్త గట్టు మీద పచార్లు చేస్తూ, ఎవరి మోకాలు కాస్త వంగినా ఈల ఊదేది. సొంత మొగుడు చెట్టు వైపు చూశాడని కూడా ఊదింది. ఆనుకోలేదు కదా అంటే, ఆలోచించావంది. రాత్రుళ్లు ఎవరు పట్టుకుంటున్నారని ఆవిడ అడగలేదు, గట్టు మీదికి కుర్చీ ఎందుకు వచ్చిందని కూడా అడగలేదు.

తమ్ముడితో మాత్రం అధికారికంగా తప్ప మాట్లాడలేదు. ఇంటికి వచ్చి పడుకోమని కూడా అనలేదు. అన్నా వాడు రాడు. ఇన్నేళ్లు నీళ్ల మీద బతికి, నేల మీద పడుకుంటే తల తిరుగుతుందంటాడు. ఒకరోజు మామయ్య గొడుగుకు బట్ట కుడుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"వాడి చెయ్యి గ్లాసు పట్టడం లేదే."

"అయితే?"

"గ్లాసు పట్టనివాడు చుక్కాని ఏం పడతాడు? మొగ దగ్గర అలలు నీకు తెలియనివా."

మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. పోటు మీద తేలుతూ పైకి రావడం ఎలాగో వచ్చాడు. ఇక్కణ్ణుంచి పంపితే ఆ మొగ దాటే వెళ్లాలి, వేరే దారి లేదు. ఆవిడ ప్రశంసాపత్రం అద్దం మీద దుమ్ము తుడిచింది. అది అంతకుముందే తుడిచి ఉంది.

ఇంతలో మూడంతస్తుల ఆసామికి ఈ సంగతి తెలిసింది. తెలివిగలవాడికి సందు కనపడితే గోడ కనపడదు. పడవ వేసుకుని, పాటలు పెట్టుకుని దిగాడు. లంగరు వెయ్యలేదు. ఒకే రంగు బట్టలు తొడిగిన కూలి మనుషుల్ని గట్టు మీద వరసగా నిలబెట్టి మోకులు పట్టించాడు. వాళ్లు కూర్చోలేదు, ఆనుకోలేదు, ఆలోచించలేదు కూడా. మర్నాడు ఇంకెన్ని పడవలు ఎంతమంది కూలీలతో వస్తాయోనని ఊరు హడలిపోయింది. కుళాయిల కింద ముందే బిందెలు నింపుకుని పెట్టుకున్నారు.

సంఘం కబురు పంపితే పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు, బూట్లకు బురద అంటకుండా మునివేళ్ల మీద నడిచాడు. ఆయన్ను చూడగానే మూడంతస్తుల పడవలో పాటలు ఆపేశారు. రెండు పడవల్నీ, రెండు రకాల మనుషుల్నీ చూశాడు. బోర్డు చదవడానికి కాస్త సమయం పట్టింది. చదివి రేవత్త దగ్గరికి వచ్చి, ఇన్నాళ్లుగా ఆవిడ చేసిన సేవ గురించి పై ఆఫీసులో కూడా గొప్పగా చెప్పుకుంటారని, ఇందులో కష్టమేమీ లేదని, 'చేత్తోనూ పట్టుకోరాదు' అని ఒక్క ముక్క చేర్పిస్తే రెండు పడవలూ వెళ్లిపోతాయని చెప్పాడు. పెయింటర్ అప్పటికే కుంచె ముంచి, బోర్డు కింద గడ్డి పీకి, బోర్లా పడుకుని సిద్ధంగా ఉన్నాడు.

రేవత్త నోరు తెరిచింది. ఆ ముక్క పలకడానికి ఎంతసేపు? పలికితే నది మిగులుతుంది, పదవి మిగులుతుంది, ఇన్నేళ్ల పేరు మిగులుతుంది. తమ్ముడు మొగ వైపు పోతాడు.

అప్పుడే గొడుగుల మామయ్య నడుము పట్టేసింది. నాటకమో నిజమో ఆయనకే తెలియాలి. "కాస్త పట్టుకోవే," అని మోకు చివర ఆవిడ చేతిలో పెట్టి, గట్టు మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆవిడ ఆలోచించకుండానే పట్టుకుంది. పడవ దాటించేవాళ్ల పిల్లలు మోకు అందిస్తే ఆలోచించరు. వంతెన వచ్చాక ఆ చేతికి తాడు తగలడం అదే మొదలు. పట్టగానే పడవ బరువెంతో, నీళ్లు ఎటు లాగుతున్నాయో, మనిషి పడవలో ఏ పక్కన నిలబడ్డాడో అన్నీ చేతికి తెలిసిపోయాయి. తల ఎత్తి చూసింది. తమ్ముడు చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు వంచుకుంటున్నాడు. సగం గ్లాసులో, సగం చొక్కా మీద. అక్క చూసిందని వెనక్కి తిరిగాడు.

"ఎప్పటినుంచిరా ఆ వణుకు?"

"ఏ వణుకు? పడవ ఊగుతోందక్కా."

"పడవ నా చేతిలో ఉంది. అది ఊగట్లేదు."

వాడు గ్లాసు కింద పెట్టాడు. తడిసిన చొక్కా దులుపుకున్నాడు. తర్వాత, మొగలో అల తగిలితే చుక్కాని తన చేతిలోంచి లాక్కుపోతోందని, వచ్చేటప్పుడే రెండుసార్లు లాక్కుపోయిందని, ఇక అటు వెళ్లే ధైర్యం లేదని మెల్లగా చెప్పాడు. ఆ మాటలు గట్టు మీద అందరూ విన్నారు. ఆ నదిని అంత ప్రశాంతంగా ఉంచింది మరి ఆవిడే.

"రాయి," అంది రేవత్త పెయింటర్‌తో. గొంతు సంఘం మీటింగుల్లో వినిపించే గొంతే. "కూలికి నిలబడిన చెయ్యి లంగరుతో సమానం. సొంతవాళ్ల చెయ్యి కాదు."

పెయింటర్ తనిఖీ అధికారి వైపు చూశాడు. అధికారి గడ్డం గోక్కున్నాడు. "సొంతవాళ్లు అవునో కాదో ఎలా తేలుస్తామండీ?"

"చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆగండి. అదే తేలుతుంది."

మూడంతస్తుల ఆసామి పై అంతస్తు నుంచే నవ్వి, తనకు మాత్రం సొంతవాళ్లకేం తక్కువన్నాడు. ఫోన్లు కొట్టాడు. కూలీల్ని పంపించేశాడు. కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, ఒక వియ్యంకుడు కార్లలో దిగారు. మోకు పట్టుకుని అందరూ కలిసి ఫొటో దిగారు. ఫొటో అయ్యాక పెద్దకొడుకు చెయ్యి చూసుకుని, తమ్ముడివంతన్నాడు. చిన్నకొడుకు, నాన్న ముద్దుల అల్లుడుండగా నేనెందుకన్నాడు. అల్లుడు, నేను బయటివాణ్ణని మొన్న పంపకాల దగ్గర మీరే అన్నారుగా అన్నాడు. వియ్యంకుడు మర్యాదకు వచ్చాను గానీ మోకుకు రాలేదన్నాడు. 'నువ్వు పట్టుకో', 'నువ్వు పట్టుకో' అని మోకు చేతులు మారుతూ మారుతూ ఒక క్షణాన ఎవరి చేతిలోనూ లేకుండా పోయింది. పడవ వెనక్కి వెనక్కి బయల్దేరింది. పాటలు మళ్లీ మోగుతున్నాయి. ఆసామి రెయిలింగు పట్టుకుని, సొంతవాళ్ల గొప్పదనం గురించి ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఇంజను నడిపేవాడు పడవలో లేడు. వాణ్ణి కూడా మోకు పట్టుకోవడానికి దింపి, కూలీలతో పాటు పంపించేశారు. మలుపు దగ్గర ఇసుకలో పడవ కూలబడ్డ చప్పుడు స్పష్టంగా వినపడింది. పాట కూడా అక్కడే ఆగింది.

ఇటు గట్టు మీద రేవత్త అదే చేత్తో, అదే చోట నిలబడి ఉంది.

తనిఖీ అధికారి నియమం బాగుందని ఒప్పుకున్నాడు. రాయమని పెయింటర్‌కు చెప్పాడు. కానీ ఆయన మునివేళ్ల మీద నిలబడడం మానలేదు. అసలు మాట ఇంకా మిగిలి ఉంది.

"అమ్మగారూ, కాపలా మీది. కాపలాలో నిలిచిన పడవ మీ తమ్ముడిది. రేపు వెళ్లగొట్టినవాళ్లంతా వచ్చి, కంచే చేను మేసిందంటే నేనేం చెప్పాలి? ఆ మోకో, ఈ ఈలో. ఏదో ఒకటి మీరే చెప్పండి."

ఆవిడ ఖాళీ చేత్తో మెడలో తోలుతాడు పైకి తీసింది. అది జుట్టు ముడిలో చిక్కుకుంది. మోకు వదిలితే గానీ రెండో చెయ్యి రాదు. వదల్లేదు. చివరికి అధికారే దగ్గరికి వచ్చి, క్షమించండి క్షమించండి అంటూ జుట్టులోంచి తాడు విడదీశాడు. ఈల ఆయన అరచేతిలో పడింది. ఖాకీ కోటు మీద, అన్నేళ్లు ఈల ఆనిన చోట రంగు వెలవని చిన్న మచ్చ కనపడింది. ఆవిడ దాన్ని చేత్తో మూసుకుని, "ఊదేముందు తుడుచుకోండి," అంది. "నోటి చివర ఆనించి ఊదాలి. మధ్యలో పెడితే పలకదు."

పొద్దు వాలేవేళకు గొడుగుల మామయ్య నడుము దానంతట అదే బాగైంది. లేచి వచ్చి మోకు అందుకున్నాడు. తమ్ముడు పడవ మీది నుంచి చెక్క పలక దించి, ఎక్కి చూడమని అక్కను పిలిచాడు. అన్ని పడవల్ని వెళ్లగొట్టిన మనిషి వాటిలో ఒక్కదాని మీదా కాలు పెట్టి ఎరగదు. పలక మీద రెండడుగులు వేసి ఆగింది. తమ్ముడు చెయ్యి చాచాడు. అది వణుకుతోంది. ఆవిడ మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని, వాణ్ణి దాదాపు వెనక్కి తోస్తూ ఎక్కింది. లోపలికి వంగి చూసింది. కడగని గ్లాసులు, చొక్కాలు, పడక మీద రంపం.

"మనిషి ఉండే చోటా ఇది? చీపురెక్కడరా?"

"చీపురు లేదక్కా."

"లేదని చెప్పడానికి సిగ్గు కూడా లేదు," అంటూ రేవత్త ఖాకీ కోటు విప్పి, చేతులు పైకి మడిచి, గ్లాసులన్నీ ఏరడం మొదలుపెట్టింది.

గట్టు మీద తనిఖీ అధికారి వెళ్లబోతూ కొత్త నియమం గుర్తొచ్చి ఆగాడు. ఈ పడవాయనకు మీరేమవుతారని గొడుగుల మామయ్యను అడిగాడు. బావనన్నాడు. ఇలా నిలబడినందుకు కూలి ఏమైనా ముడుతోందా అని అడిగాడు.

మామయ్య మోకు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, పడవ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ ఇంటి పిల్లను చేసుకున్న దగ్గర్నుంచీ అడుగుతున్నానండీ. ఇంతవరకూ ఇవ్వలేదు."